పైల్వాన్ చెవి

పొద్దున్నే పాలకు పోయి వచ్చేవాళ్ళకు వీరభద్రయ్య ఇంటి ముందు ఒక ముచ్చటైన దృశ్యం కనిపించేది. అరుగు మీద వీరభద్రయ్య కూర్చుని ఉండేవాడు. ఆయన మోకాళ్ళ మధ్య పన్నెండేళ్ళ కొడుకు రామకృష్ణ తల వంచుకుని ఉండేవాడు. పక్కన ఇత్తడి చెంబులో బాదంపాలు. వీరభద్రయ్య గోనెగుడ్డ ముక్క తీసుకుని పిల్లవాడి చెవిని గట్టిగా రుద్దేవాడు. చెవి ఎర్రబడి, ఉబ్బి, వేడెక్కిన తరువాత అరచెయ్యి చాచి దానిమీద టపటపా కొట్టేవాడు. ఒకటి అయ్యాక రెండో చెవి. అంతా ముగిశాక తానే చెంబు పట్టుకుని కొడుకు చేత పాలు తాగించేవాడు.

“ఏమప్పా, చెవి పండిందా?” అని దారిన పోయేవాళ్ళు పలకరించేవారు.

“పండుతాండాదిలే. పులివెందుల తిరునాళ్ళకు చూద్దురు గాని,” అని ఆయన నవ్వేవాడు.

తాగి వచ్చి పిల్లలను బాదే తండ్రులు కూడా ఉన్న వీధి అది. అటువంటి చోట కొడుకు కోసం తెల్లవారకముందే లేచి ఇంత శ్రద్ధ తీసుకునే తండ్రిని చూస్తే ఎవరికి మాత్రం ముచ్చట వేయదు? చూసినవాళ్ళు తమ పిల్లలకు చెప్పి మరీ చూపించేవారు. ఆ అరుగు మీద నిజంగా జరుగుతున్నదేమిటో తెలిసి ఉంటే వాళ్ళకు ఆ పూట అన్నం సహించేది కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. ప్రొద్దుటూరులో కుస్తీ అంటే జనం పడిచచ్చేవారు. కుస్తీ నేర్పే చోటును గరిడి అంటారు. అల్లాబక్ష్ అనే ఉస్తాద్ నడిపే గరిడిలో కులం, మతం అనే తేడా లేకుండా అన్ని ఇళ్ళ పిల్లలూ ఎర్రమట్టిలో పొర్లేవారు. ఏళ్ళ తరబడి మట్టిలో తలలు రాపాడించి పట్లు పట్టిన పెద్ద పైల్వాన్ల చెవులు నలిగి, ముడుచుకుని, గట్టిపడి ఉంటాయి; చెవి పండడమంటే అదే. బజారులో నడుస్తుంటే ఆ చెవి చూసే జనం దారి ఇచ్చేవారు. అది వయసు వచ్చిన మల్లుడికి తనంతట తాను వచ్చే గుర్తు. కాని వీరభద్రయ్యకు అంత ఓపిక ఎక్కడిది? టీ హోటల్లో ఎవడో పనిలేనివాడు, చిన్నప్పుడే రుద్ది కొడితే చెవి త్వరగా పండుతుందనీ, అటువంటి చెవిని చూసి ఎదుటి పిల్లవాడు సగం అక్కడే జడుసుకుంటాడనీ చెప్పాడు. చెప్పినవాడు టీ తాగి పోయాడు. విన్నవాడు ఇంటికి వచ్చి మొదలుపెట్టాడు.

వీరభద్రయ్య చెడ్డవాడని అనుకోకండి. చెడ్డవాడైతే ఈ కథ చెప్పవలసిన పనే లేదు. ధాన్యం మండీలో గుమాస్తా ఆయన. ఎవరి జోలికీ పోడు, ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. ఆయన పేరు కూడా చాలామందికి తెలియదు. “ఓ గుమాస్తా” అని పిలిచేవారు, ఆయన పలికేవాడు. అటువంటి మనిషి కొడుకు జమ్మలమడుగులో తన ఈడు పిల్లలందరినీ పడగొట్టి మెడలో పూలదండతో వచ్చాడు. మరునాడు షావుకారు స్వయంగా కుర్చీ చూపించి, “కూచో వీరభద్రయ్యా, మన పిల్లోడు ఊరి పేరు నిలబెట్టినాడంట గదా!” అన్నాడు. ఆ మండీలో ఆయన కుర్చీ మీద కూర్చోవడం అదే మొదలు. కూర్చున్నాక లేవబుద్ధి కాలేదు పాపం. ఆ కుర్చీ కొడుకు వీపు మీద ఉందని ఆయనకు తట్టలేదు.

మాఘమాసంలో ఒక సాయంత్రం అన్నం తింటూ రామకృష్ణ, “నాయనా, నేనింక గరిడికి పోను,” అన్నాడు.

వీరభద్రయ్య ముద్ద నోటిదాకా తీసుకుపోయినవాడు దించేశాడు. “ఏందిరా అంటాండావు?”

“చాలు నాయనా. నాకొద్దు.”

“ఎందుకొద్దు? ఉస్తాద్ కొట్టినాడా?”

పిల్లవాడు తండ్రి మొహంలోకి, ఆయన పెదవుల వంక పట్టి పట్టి చూశాడు. “ల్యా. చెవుల్లో గుయ్యిమంటాంది. రాత్రంతా నొప్పి. తల తిరుగుతాంది.”

వీరభద్రయ్యకు ప్రాణం లేచి వచ్చింది. “ఓస్, ఇంతేనా! అది చెవి పండే లక్షణంరా. నొప్పి ల్యాకుండా ఎవురన్నా పైల్వాన్ అయినారా?”

వీరభద్రయ్య భార్య జానకమ్మ వడ్డిస్తూ ఆగింది. “పిల్లోడు నోరు తెరిచి వద్దంటాండాడు గదండీ. ఇడ్సిపెట్టండి. బళ్ళో గూడా అయివారు పిలిస్తే పలకడంల్యాదని కొడతాండాడంట. వాని మనసు ఈడ లేదు.”

“పులివెందుల తిరునాళ్ళు నెత్తిమీదికొచ్చినాయి. ఇప్పుడు ఇడ్సిపెడితే జనం ఏమనుకుంటారు? ఆడికొచ్చే లింగాల ఊరి పిల్లోనికి బయపడి దాక్కున్న్యాడంటారు. నేను మండీలో తల యాడ పెట్టుకోవాల?”

ఆ మాటతో సంభాషణ ముగిసింది. గమనించండి, పిల్లవాడి చెవి గురించి మొదలైన మాట తండ్రి తల దగ్గర ముగిసింది. ఆ రాత్రి జానకమ్మ తనకు చేతనైన వైద్యం చేసింది. వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా కొడుకు రెండు చెవుల్లోనూ పోసింది. పిల్లవాడు చాప కొస గుప్పిట పట్టుకుని కిక్కురుమనకుండా పడుకున్నాడు. ఆ మరునాడు కూడా పోసింది. ఆ తరువాత నొప్పి అని చెప్పడం వాడే మానుకున్నాడు. తగ్గిందనుకుని ఆ తల్లి సంతోషించింది.

కొడుకుకు నాలుగు చీవాట్లు పెట్టిద్దామని వీరభద్రయ్య గరిడికి పోయాడు. అల్లాబక్ష్ గోదాలో మట్టి తిరగేస్తున్నాడు. అరవై దాటిన మనిషి. తక్కువ మాట్లాడతాడు. సంగతంతా విని, పార పక్కన పెట్టి, “పిల్లోడు చాలన్న్యాడా?” అని అడిగాడు.

“అన్న్యాడు. పిల్లతనం. నువ్వు గట్టిగా ఒక మాట చెప్పాల ఉస్తాదూ.”

“అయితే ఇడ్సిపెట్టప్పా. నేను గూడా చూస్తాండా. ఈ మధ్య వానికి ఎనకనించి చెప్తే తిరగడు. పట్టు పేరు చెప్తే ఇంగో పట్టు పడతాండాడు. వాని చెవులు గూడా నా గోదాలో నలిగినట్టు ల్యా. ఏంది సంగతి?”

“ఏమీ ల్యా. ఎదిగే పిల్లోడు,” అని వీరభద్రయ్య చూపు తిప్పుకున్నాడు. ఉస్తాద్ ఇంకొక్క మాట గట్టిగా అడిగి ఉంటే బాగుండేది. ఆయన అడగలేదు, మళ్ళీ పార అందుకున్నాడు.

దారిలో వీరభద్రయ్యకు ఒక అనుమానం పుట్టింది. ఉస్తాద్‌కు అన్నగారి కొడుకైన రహీం కూడా అదే ఈడువాడు. రామకృష్ణ తప్పుకుంటే పులివెందులలో దిగేది వాడే కదా! అందుకే ముసలాయన విడిచిపెట్టమంటున్నాడన్నమాట! ఇట్లా అనుకోగానే ఆయన మనసు తేలికైంది. మరునాటి నుంచి చెవి పనిలో ఇంకాస్త పట్టుదల పెరిగింది.

పులివెందుల తిరునాళ్ళు వచ్చాయి. జానకమ్మను కూడా వెంటబెట్టుకుని వీరభద్రయ్య బస్సెక్కాడు. షావుకారు ఇచ్చిన సిల్కు తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

గోదా చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. తప్పెట్లు మోగుతున్నాయి. గెలిచిన పిల్లవాడికి వెండి కడియం ఇస్తారు. లింగాల నుంచి ఓబులేసు అనే పిల్లవాడు వచ్చాడు. సేద్యగాళ్ళ బిడ్డ, బక్కగా ఉన్నా చురుకైనవాడు. వాడి తల్లి గురవమ్మ ముందు వరుసలో చెంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

ఈ వైపు కుస్తీలలో ఒక కట్టుబాటు ఉంది. పట్టు భరించలేనివాడు “చాలు” అంటే ఎదుటివాడు ఆ క్షణమే విడిచిపెట్టాలి. పగవాడైనా సరే, గెలుపు ఇంకా తేలకపోయినా సరే, విడవాలి. గరిడిలో అడుగుపెట్టిన రోజు ఉస్తాద్ నేర్పే మొదటి పాఠం అదే.

ఇద్దరూ తలపడ్డారు. కాసేపు సమఉజ్జీగా సాగింది. ఉన్నట్టుండి రామకృష్ణ ఓబులేసు చెయ్యి దొరకబుచ్చుకుని వెనక్కి మెలిపెట్టి, వాణ్ణి బోర్లా పడదోసి వీపు మీద మోకాలు ఆనించాడు. జనం కేరింతలు కొట్టారు.

“చాలు!” అని ఓబులేసు అరిచాడు. వాడి మొహం మట్టిలో ఉంది.

రామకృష్ణ విడవలేదు.

“చాలు! చాలబ్బా! ఓడినా!”

తప్పెట్లు ఆగిపోయాయి. “ఇడ్సురా! ఇడ్సు!” అని పెద్దమనుషులు లేచి అరిచారు. రామకృష్ణ తల ఎత్తలేదు. పళ్ళు బిగించి, చెయ్యి ఇంకా పైకి వంచుతున్నాడు. జనంలో నుంచి ఒకే ఒక్క గొంతు వేరుగా వినిపించింది. “అట్లా పట్రా నాయనా! శభాష్!” అది వీరభద్రయ్యది. అంతా అయిపోయాక కూడా అక్కడున్నవాళ్ళు ఆ గొంతును మరిచిపోలేదు.

టక్కున చప్పుడైంది. ఎండుకట్టె విరిగినట్టు. అంత జనంలోనూ అందరికీ వినిపించింది, ఒక్కడికి తప్ప.

అల్లాబక్ష్ గోదాలోకి దూకి రామకృష్ణ భుజం పట్టి వెనక్కి లాగాడు. చెయ్యి తగలగానే పిల్లవాడు వెంటనే పట్టు విడిచి లేచాడు. ఉస్తాద్‌ను చూసి నవ్వాడు. తండ్రి ఎక్కడున్నాడా అని వెతికి ఆయన వంక చూసి ఇంకొకసారి నవ్వాడు. గెలిచానని తెలిసింది కాని వాడికి మరేమీ తెలియదు. ఆ నవ్వు చూసి జనం మండిపడ్డారు. “చెయ్యి ఇరగ్గొట్టి నవ్వుతాండాడు చూడు!” అని లింగాలవాళ్ళు కట్టెలు పట్టుకుని ముందుకు తోసుకొచ్చారు. గురవమ్మ గుప్పెడు మట్టి తీసుకుని శాపనార్థాలు పెడుతూ పిల్లవాడి మీదికి వచ్చింది.

అప్పుడు రామకృష్ణ కిందికి చూశాడు. వేలాడుతున్న ఓబులేసు చెయ్యి కనిపించింది. వాడి మొహం తెల్లబోయింది. మోకాళ్ళ మీద కూలబడి ఓబులేసును పట్టుకుని భోరుమన్నాడు.

“చాలని ఎందుకనల్యారా నువ్వు? ఒక్క మాట అనింటే ఇడ్సిపెట్టుంటి గదరా! చాలని ఎందుకనల్యా?”

గురవమ్మ చేతిలోని మట్టి జారిపోయింది. ఊరు దద్దరిల్లేలా ఆ బిడ్డ “చాలు” అని అరవడం అక్కడ వినని మనిషి లేడు.

అల్లాబక్ష్ మెల్లగా పిల్లవాడి వెనక్కి పోయాడు. “రామకృష్ణా,” అని పిలిచాడు. పలుకు లేదు. ఇంకా దగ్గరగా పోయి గొంతు చించుకుని, “బిడ్డా, నీ కాళ్ళకాడ పాము!” అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కెవ్వుమని వెనక్కి గెంతారు. ఆ పిల్లవాడు మాత్రం కదలలేదు. ఓబులేసు మొహం మీది మట్టి తుడుస్తూ, ఎందుకనలేదురా, ఎందుకనలేదురా అని అడుగుతూనే ఉన్నాడు.

ఇద్దరు పిల్లలనూ ఒకే బస్సులో జమ్మలమడుగు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరు పేరు దేవపాలు. ముందు ఓబులేసు ఎముక సరిచేసి కట్టు కట్టాడు. వయసు చిన్నది, అతుక్కుంటుంది, ఎప్పటిలాగే పనిచేస్తుందని చెప్పాడు. గురవమ్మ దండం పెట్టింది. తరువాత ఆయన రామకృష్ణను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, అద్దంతో వెలుతురు చెవిలోకి పడేలా చేసి చూశాడు. ఒక చెవి చూశాడు. రెండోది చూశాడు. మళ్ళీ మొదటిది చూశాడు.

“ఇందులో నూనె ఎవరు పోసినారమ్మా?”

“నేనే సామీ,” అంది జానకమ్మ. “నొప్పంటే వెల్లుల్లి నూనె కాంచి పోస్తి.”

“లోపలి పొర చినిగిపోయి ఉండాది. చినిగిన చెవిలో నూనె పోస్తే చీము లోపలికి దిగుతాది. దిగింది.” డాక్టరు ఆమెను కోప్పడలేదు. కోప్పడి ఉంటేనే ఆమెకు నయంగా ఉండేది. ఆమె తన చేతుల వంక చూసుకుంటూ గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది.

“ఇంతకూ పొర ఎట్లా చినిగింది? ఇది కుస్తీలో తగిలిన దెబ్బ కాదు. ఒక్కసారి తగిలింది కాదు. రెండు చెవుల మీదా అరచేత్తో కొట్టినారు, శానా కాలం. ఎవరప్పా ఈ పిల్లోన్ని కొట్టింది?”

వీరభద్రయ్య ఏమీ తోచక, కొడుకు చెంప నిమురుదామని చెయ్యి చాచాడు.

ఆ అరచెయ్యి దగ్గరికి రావడం చూసి రామకృష్ణ కళ్ళు మూసుకున్నాడు. అలవాటుగా తల వంచి, చెవి తండ్రికి అందేలా పెట్టి, దెబ్బ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

డాక్టరుకు సమాధానం దొరికింది. మొహం పక్కకు తిప్పుకున్నాడు. వీరభద్రయ్య చాచిన చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది.

“ఈ పిల్లోనికెప్పుడు బాగవుతాది సామీ?” అని గురవమ్మ అడిగింది. కన్నతల్లి అడగలేని ప్రశ్న ఆమె అడిగింది.

“ఎడమ చెవి పోయిందమ్మా. కుడి చెవిలో దగ్గరికొచ్చి అరిస్తే ఏమన్నా తెలుస్తాదేమో. అంతకంటే చెప్పలేను.”

బయట వరండాలో వీరభద్రయ్య అల్లాబక్ష్ కాళ్ళ మీద పడ్డాడు. తన చెయ్యి నరికెయ్యమని ఏడ్చాడు. ఉస్తాద్ ఆయనను లేపి బల్ల మీద కూర్చోబెట్టాడు. ముసలాయన కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

“చెయ్యి నరికితే పోయిన చెవి వస్తాదా అప్పా? అడిగి ఊరుకున్న్యా, నాది గూడా తప్పే. కానీ ఒక మాట చెప్తా, ఇను. పొద్దున ఓబులేసు చాలని మొత్తుకున్న్యాడు. నీ కొడుక్కు ఇనపల్యా, వాని చేత పాపం జరిగింది. వాన్ని నేను తప్పు పట్టను. మాఘంలో నీ కొడుకు నీ ఎదురుగా కూచోని, చాలు నాయనా, నాకొద్దు అన్న్యాడు. నువ్వే వచ్చి నాకు చెప్తివి. నీ చెవులు బాగుండాయి గదప్పా! ఎందుకు ఇడ్సల్యా నువ్వు? గోదాలో పగోడు చాలంటే ఇడుస్తాము. కడుపున పుట్టిన బిడ్డ చాలంటే ఇడ్సలేమా? వాడు గెలిస్తే మండీలో నీకు కుర్చీ ఏసినారు. ఆ కుర్చీ కోసరం ఆడింది నువ్వు. దెబ్బలు తిన్న్యది వాడు. ఆట బిడ్డదైతే ఆడేదీ మానేదీ వాని ఇష్టంగా ఉండాల. వద్దన్న్యాక ఆడిస్తే అది ఆట కాదు, పిల్లోని మీద పెద్దోళ్ళు పట్టే కుస్తీ.”

వరండాలో ఉన్న రోగులూ, వాళ్ళ మనుషులూ తలలు వంచుకుని విన్నారు. పిల్లలను బడిలో, పాటలో, పందెంలో ముందు నిలబెట్టి వెనక నుంచి తోసేవాళ్ళు వాళ్ళలోనూ కొందరు ఉన్నారు. ఒకాయన లేచి ఎండలోకి పోయి నిలబడ్డాడు.

వీరభద్రయ్య లోపలికి వచ్చాడు. రామకృష్ణ మంచం మీద రెండు చెవులకూ దూది పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన కొడుకు ముందు నేల మీద కూర్చుని, చేతులు వెనక్కి పెట్టుకుని, ఎంతోకాలంగా ఆ బిడ్డ ఎదురుచూసిన మాట చెప్పాడు.

“ఇంక గరిడికి పోవద్దులేరా నాయనా. కుస్తీ వద్దు, ఏమీ వద్దు. నీ ఇష్టం వచ్చినట్టు ఉండు.”

పిల్లవాడు తండ్రి పెదవుల వంక చూశాడు. ఏమీ అర్థం కాలేదు. తండ్రి మళ్ళీ చెప్పాడు. గట్టిగా అరిచి చెప్పాడు. పక్క గదుల్లోని రోగులు లేచి తొంగి చూశారు. పిల్లవాడు ఆలోచించాడు. ఇంతకాలంగా నాయన తనతో మాట్లాడేది ఒక్క సంగతే కదా! భయపడుతూ, మంచివాడిలా తల ఊపాడు.

“సరే నాయనా, పోతా. రేపటినుంచి గరిడికి పోతా.”

తల్లులారా, తండ్రులారా, బిడ్డ చాలన్న నాడే పట్టు విడవండి. ఆలస్యంగా విడిస్తే, విడిచామన్న సంగతి ఆ బిడ్డకు ఏనాటికీ తెలియకపోవచ్చు.